ఇంటి హక్కు – దస్తావేజు బలం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలుపుకొనుట అంతకన్న కష్టం. గోడకు పునాది ఎట్టిదో హక్కునకు దస్తావేజు అట్టిది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువగల ఇంటి విక్రయానికి రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరి. అమ్మకపు అగ్రిమెంటు యాజమాన్యాన్ని ఈయదు. జనరల్ పవరాఫ్ అటార్నీ ద్వారా జరిగిన అమ్మకం హక్కును సంక్రమింపజేయదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. ఇంటిపన్ను రసీదు సైతం యాజమాన్య పత్రం కాదు.

స్థిరాస్తి దానానికి కూడ సాధారణంగా రిజిస్ట్రేషను అవసరమే. అయితే ముస్లిముల హిబాకు అదే చట్టం 129వ సెక్షను మినహాయింపునిచ్చింది. దాత ప్రకటన, గ్రహీత అంగీకారం, స్వాధీనపు అప్పగింత – ఈ మూడూ నెరవేరినచో నోటిమాటతోనైనా హిబా చెల్లుతుంది.

చెల్లుట వేరు, రుజువు చేయుట వేరు. తండ్రి నోటిమాటగా కుమార్తెకిచ్చిన ఇంటిని ఆయన అనంతరం సోదరులు కాదన్నచో, సాక్షులు గతించిన పిదప ఆమెకు దిక్కెవరు? రిజిస్టరు కాని వ్యవహారం ఇ.సి.లో కనిపించదు, కొనువారికిగాని, అప్పిచ్చు బ్యాంకుకుగాని దాని జాడ తెలియదు. చట్టం నిర్బంధించలేదు కనుక రిజిస్ట్రేషను వద్దనుట వివేకం కాదు.

విద్యార్థులారా! నిజాం కాలపు దస్తావేజులు అనేకం ఉర్దూలో ఉన్నవి. నేటివి అనేకం తెలుగులో ఉన్నవి. రెండు లిపులూ నేర్చిన మీరు ఈ సెలవులలో ఇంటి కాగితాలు తీసి, అవి ఎవరి పేరనున్నవో పెద్దలకు చదివి వినిపించండి. మీ చదువుకు అది తొలి ఫలం కాగలదు.