హార్డ్ డిస్కు బోర్డు మార్చితే చాలునా?

కరెంటు ఇచ్చినా హార్డ్ డిస్కు తిరగడం లేదు. అందులో మూడేళ్ళ పరిశోధన ఉంది. ఏం చెయ్యాలి?

మోటారు కదలకపోతే, తప్పు అడుగునున్న సర్క్యూట్ బోర్డుదే కావచ్చు. తిరుగుతూ టక్‌టక్ మంటే మాత్రం సాధారణంగా లోపలి హెడ్లు చెడినట్లే. అప్పుడు బోర్డు మార్చి లాభం లేదు.

అదే నంబరు బోర్డు తెచ్చి బిగిస్తే పోలా? పాత డిస్కులకు చాలావరకు సరిపోయేది. ఇటీవలి వాటిలో ఒక్కొక్క డిస్కుకూ ప్రత్యేకమైన సవరణ అంకెలుంటాయి. ఇవి తరచుగా బోర్డు మీది ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో ఉంటాయి. ఆ చిప్పును పాత బోర్డు నుండి ఊడదీసి కొత్తదానికి అతకాలి. అందుచేత పాత బోర్డును పారవేయరాదు.

పై మూత మాత్రం విప్పకండి. దుమ్ము రేణువు చాలు, హెడ్డును చెడగొట్టడానికి. డిస్కు తిరిగిందా, ముందు కాపీ తీయండి!