కొత్తదా, బాగుచేసినదా? – వీడియో గేమ్ యంత్రం కొనుగోలుపై ఒక పరిశీలన

మన అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాలలో వినియోగదారుడు అన్నీ తెలిసినవాడుగా కనబడతాడు. అతనికి వస్తువు గుణం తెలుసు, ధర తెలుసు, తన అవసరమూ తెలుసు. కాని అంగడిలో నిలబడిన మనిషికి వీటిలో సగం తెలియవు. ముఖ్యంగా ఒకరు వాడి వదిలిన వస్తువును కొనేటప్పుడు అమ్మేవానికి తెలిసింది కొనేవానికి తెలియదు. ఈ తేడాను విద్యార్థి మిత్రులకు అర్థమయ్యేటట్లు చెప్పటానికి నేనొక చిన్న వస్తువును ఎంచుకొన్నాను. అది వీడియో గేమ్ యంత్రం. వస్తువు ఆటదే అయినా, ఒక సామాన్య కుటుంబానికి అది కొన్ని నెలల కూలి.

మూడు రకాలు

ముందుగా మాటలకు అర్థాలు స్థిరపరచుకొందాం. మొదటిది కొత్త యంత్రం. కంపెనీ సీలుతో వస్తుంది, కంపెనీ గ్యారంటీ వుంటుంది. రెండవది సెకండ్ హ్యాండ్. ఒకరు వాడింది వాడినట్లుగానే ఇంకొకరికి అమ్మటం. ఇందులో పూచీ ఎవరిదీ కాదు. మూడవది రిఫర్బిష్డ్, అనగా వాడిన యంత్రాన్ని విప్పి, శుభ్రంచేసి, చెడిన భాగాలు మార్చి, పరీక్షించి, ఎంతో కొంత గ్యారంటీతో తిరిగి అమ్మేది. దీనిని 'బాగుచేసినది' అందాం.

చిక్కంతా మూడవదానిలోనే వుంది. అమెరికాలో నింటెండో కంపెనీ తన దగ్గరికి తిరిగి వచ్చిన యంత్రాలను తానే బాగుచేసి, కొత్తవాటికి ఇచ్చినట్లే ఏడాది గ్యారంటీతో అమ్ముతుంది. అక్కడ 'రిఫర్బిష్డ్' అన్న మాటకు ఒక విలువ వుంది. మన వైపు అదే మాటను కొట్లవాళ్ళు, ఇంటర్నెట్టు వ్యాపారులు కూడా వాడతారు. కొందరు నిజంగానే విప్పి బాగుచేస్తారు. కొందరు పై పెట్టెను గుడ్డతో తుడిచి అదే పేరు పెడతారు. పేరొకటే, సరుకు వేరు.

నిమ్మకాయల సిద్ధాంతం

ఈ సమస్య మీద 1970లో జార్జ్ ఎకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని పేరు 'ది మార్కెట్ ఫర్ లెమన్స్'. అమెరికా వాడుకలో పనికిమాలిన కారును 'నిమ్మకాయ' అంటారు. ఈ కృషికే 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతోపాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సిద్ధాంతాన్ని మన వస్తువుకు అన్వయించి చూద్దాం. అంగడిలో పది పాత యంత్రాలున్నాయనుకోండి. అయిదు మంచివి, ఒక్కొక్కటి 20,000 రూపాయలు చేస్తుంది. అయిదు చెడ్డవి, ఒక్కొక్కటి 8,000 చేస్తుంది. ఏది ఏదో అమ్మేవానికి తెలుసు, మనకు తెలియదు. కాబట్టి మనం సగటు చూసుకొని 14,000 ఇస్తామంటాం. ఆ ధరకు మంచి యంత్రం వున్నవాడు అమ్మడు, ఇంట్లోనే పెట్టుకొంటాడు. చెడ్డది వున్నవాడు మాత్రం సంతోషంగా అమ్ముతాడు. చివరికి అంగడిలో మిగిలేవి చెడ్డవే. మనం తెలివిగా సగటు ధర చెప్పామనుకొంటాం గాని, ఎనిమిది వేల సరుకును పద్నాలుగు వేలకు కొని ఇంటికి తెస్తాం.

ఎకెర్లాఫ్ 1967-68లో మన దేశంలో కొంతకాలం వున్నాడు. అందుకే కాబోలు, బియ్యంలో అదే రంగు రాళ్ళు కావాలని కలిపితే మన ఆడవాళ్ళు కూర్చొని ఏరుకోవలసి రావటాన్ని ఆ వ్యాసంలో ఉదాహరణగా చూపించాడు. పల్లెల్లో వడ్డీవ్యాపారి ఎక్కువ వడ్డీ ఎందుకు గుంజగలుగుతాడో కూడా అదే వ్యాసంలో చర్చించాడు. ఆ రెండో సంగతి మనకు ముందు ముందు పనికొస్తుంది.

మన రాయలసీమ రైతుకు ఈ సిద్ధాంతం పుస్తకం లేకుండానే తెలుసు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులు కొనేవాడు మాట విని కొనడు. నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, బండికి కట్టి చూస్తాడు. 'చూడప్పా, ఇది దేవుడిలాంటి ఎద్దు' అని అమ్మేవాడు ఎంత చెప్పినా తన కన్నునే నమ్ముతాడు. యంత్రానికి కూడా పళ్ళు చూడటం ఎట్లాగో తెలిస్తే చాలు.

యంత్రం ఎందుకు చెడుతుంది?

మన దేశంలో ఇంటింటి వీడియో గేమ్‌కు 1990ల నుంచి చరిత్ర వుంది. 1983లో జపానులో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌ను పోలిన 8 బిట్ల యంత్రాలు అప్పట్లో టీవీకి తగిలించుకొని క్యాసెట్లు మార్చి ఆడేవాళ్ళు. వాటిలో తిరిగే భాగమంటూ లేదు. క్యాసెట్ సరిగా ఆడకపోతే నోటితో వూదటమే అందరికీ తెలిసిన రిపేరు. తర్వాత వచ్చిన యంత్రాలు అలాంటివి కావు. వాటిలో ఫ్యాను తిరుగుతుంది, డిస్కు తిరుగుతుంది, చాలావాటిలో హార్డ్ డిస్కు కూడా తిరుగుతుంది. వేడి పుడుతుంది.

వేడి ఎంత పని చేయగలదో చెప్పటానికి ఎక్స్‌బాక్స్ 360 చాలు. 2005లో విడుదలైన ఆ యంత్రం వేడెక్కి చల్లారి, మళ్ళీ వేడెక్కి, లోపలి సన్నని అతుకులు వదిలి, ముందు భాగంలో ఎర్రదీపాలు వెలిగించి ఆగిపోయేది. 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి గ్యారంటీని మూడేళ్ళకు పెంచింది. దానికోసం వంద కోట్ల డాలర్లకు పైగా లెక్కలో రాసుకోవలసి వచ్చింది. అంత పెద్ద కంపెనీ కొత్త యంత్రంలోనే అంత లోపం రాగలదంటే, కొత్తదన్నంత మాత్రాన నిశ్చింత లేదు. కొత్తది చెడితే భారం కంపెనీది. గ్యారంటీ లేని పాతది చెడితే భారం మనది. తేడా అంతా అక్కడే.

మన వైపు మరి మూడు శత్రువులున్నాయి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే వేడి, ఫ్యాను గుండా లోపలికి పోయి పేరుకొనే దుమ్ము, వోల్టేజి హెచ్చుతగ్గులు. నాలుగోది నీళ్ళు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచెత్తిన సంగతి మన జిల్లావాళ్ళు మరచిపోరు. నీట మునిగిన ఎలక్ట్రానిక్ వస్తువును ఎండబెడితే కొన్నాళ్ళు పని చేస్తుంది. తుప్పు మాత్రం లోపల తన పని తాను చేసుకొంటూ పోతుంది. బయట నునుపుగా వున్నా, స్క్రూల తలల మీద తుప్పు కనబడితే ఆ బేరం వదిలేయటం మంచిది.

ఒక ఇంటి లెక్క

ఇక అసలు లెక్కలోకి వద్దాం. 2024 వేసవిలో మా పెద్దమ్మ ఇంట్లో ఈ ప్రశ్న వచ్చింది. ఆమెది మంత్రాలయంలో చిన్న పూల అంగడి. గురువారాలు, ఆరాధన రోజులు తప్ప మిగతా దినాల్లో బేరం అంతంత మాత్రమే. కొడుకు ఇంటర్ పాసైతే గేమ్ కొనిస్తానని మాట ఇచ్చింది. వాడు పాసయినాడు. ఆమె రోజుకింత చొప్పున కట్టిన చీటీ పాడుకొంటే చేతికి ముప్పైవేలు వచ్చింది. వాడికేమో డిస్కు పెట్టే కొత్త ప్లేస్టేషన్ 5 కావాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన దేశంలో దాని ధర 54,990 రూపాయలు. 'చదువుకున్నోడివి గదా నాయనా, నువ్వే లెక్కేసి చెప్పు. మాట తప్పినట్లు కాకూడదు, అప్పులపాలూ కాకూడదు' అని పెద్దమ్మ నాకు పని అప్పజెప్పింది.

నేను వేసిన సూత్రం ఇది: కొన్న ధరకు మరమ్మతు ఖర్చు కలపాలి, తిరిగి అమ్మితే వచ్చేది తీసివేయాలి, మిగిలినదాన్ని వాడే సంవత్సరాలతో భాగించాలి. వచ్చింది ఏడాది ఖర్చు.

కొత్తది 55,000 అనుకొందాం. అయిదేళ్ళు వాడి 15,000కు అమ్మితే ఖర్చు 40,000. ఏడాదికి 8,000. బాగుచేసిన ప్లేస్టేషన్ 4 మాకు 21,000కు దొరికింది. మరమ్మతుకు 4,000 వేసుకొని, మూడేళ్ళ తర్వాత 4,000కు అమ్మితే ఖర్చు 21,000. ఏడాదికి 7,000. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతేమంటే, ధర సగం కంటే తక్కువైనా ఏడాది ఖర్చు సగం కాలేదు, కేవలం వెయ్యి తగ్గింది. చేతిలో సొంత డబ్బు వుండి, అయిదేళ్ళు వాడుకొనేవానికి కొత్తదే మేలు కావచ్చు. ప్లేస్టేషన్ 5 మీద పాత ప్లేస్టేషన్ 4 ఆటలు దాదాపు అన్నీ ఆడుతాయి. 2013లో పుట్టిన ప్లేస్టేషన్ 4కు మాత్రం కొత్త ఆటలు రావటం తగ్గుతూ పోతుంది.

కాని పెద్దమ్మ చేతిలో వున్నది ముప్పైవేలు. తక్కిన పాతికవేలు అప్పు తేవాలి. వూర్లో వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే నెలకు 500, ఏడాదికి 6,000. రెండేళ్ళకు అసలు తీర్చేటప్పటికి వడ్డీ 12,000. దీన్ని కలిపితే కొత్తదాని ఖర్చు 52,000, ఏడాదికి 10,400. అటు 7,000, ఇటు 10,400. అప్పు కలిసేసరికి వెయ్యి తేడా మూడు వేల నాలుగువందలయింది. యంత్రాన్ని చూసి తేల్చలేని ప్రశ్నను వడ్డీ తేల్చింది.

వాడు మొదట మొగం ముడుచుకొన్నాడు. 'ఎవరో ఆడి పారేసిందాన్ని నేనేం ఆడేది?' అన్నాడు. లెక్క కాగితం చేతికిచ్చి, మిగిలే తొమ్మిదివేలు వాని డిగ్రీ ఫీజుకని చెప్పినాక తానే ఇంకొకసారి కూడి చూసుకొన్నాడు. వాడికి కావలసిన క్రికెట్ 24 ఆట ప్లేస్టేషన్ 4 మీద కూడా వస్తుందని తెలిసినాక పేచీ ఆగింది. ఒక కొట్లో బిల్లు లేకుండా 16,000కే ఇస్తామన్నారు. మేము ఆరు నెలల గ్యారంటీ బిల్లు మీద రాసిచ్చిన చోటే 21,000కు తీసుకొన్నాం. ఆ అయిదువేలు ఎక్కువ పెట్టింది ఆ కాగితానికే. నాలుగో నెలలో డిస్కు లోపలికి తీసుకోవటం మానేసింది. కాగితం చూపిస్తే డ్రైవు ఉచితంగా మార్చారు. చేతిలో పట్టుకొనే కంట్రోలర్‌కు గ్యారంటీ లేదని మొదటే రాసి వుంది గనుక దాని ఖర్చు మేమే పెట్టుకొన్నాం.

పళ్ళు చూసే విధానం

బాగుచేసిన యంత్రం కొనేవారు పాటించవలసినవి:

1. గ్యారంటీ ఎన్ని నెలలు, వేటికి వర్తించదు అన్నది బిల్లు మీద రాయించుకోవాలి. నోటిమాట చాలదు.

2. యంత్రం మీది సీరియల్ నంబరు, అట్టపెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు ఒకటే కావాలి.

3. అంగడిలోనే ఇంటర్నెట్టుకు తగిలించి మన ఖాతాతో లోపలికి పోయి చూడాలి. కంపెనీ నిషేధించిన యంత్రమైతే అక్కడే తెలిసిపోతుంది. పాత యజమాని ఖాతా తీసివేయించాలి.

4. బరువైన ఆటను కనీసం అరగంట ఆడించాలి. ఫ్యాను గోల పెట్టినా, యంత్రం దానంతటది ఆగినా లోపల దుమ్మో, ఎండిపోయిన పేస్టో వున్నట్లు.

5. రెండు మూడు డిస్కులు పెట్టి తీయాలి. కంట్రోలర్ పుల్లను ముట్టకుండా వదిలినప్పుడు తెర మీద బొమ్మ దానంతటది కదిలితే ఆ పుల్ల అరిగిందని అర్థం.

6. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత యంత్రాలలో కొన్ని 110-120 వోల్టులకే చేసినవి. మన ఇళ్ళలో వచ్చేది 230. వెనుక అంకెలు చదవకుండా ప్లగ్గు పెట్టరాదు.

7. ప్లేస్టేషన్ 5ను విప్పి బాగుచేశామంటే ఎవరు విప్పారో అడగాలి. దానిలో చిప్ మీద ద్రవరూపంలో లోహం వుంటుంది. చేతకానివాడు విప్పితే అది కారి బోర్డును కాలుస్తుంది.

8. డిస్కు పెట్టే చోటు లేని రకం చౌకే గాని, స్నేహితుల డిస్కులు, పాత డిస్కులు దానికి పనికిరావు. ప్రతి ఆటా ఇంటర్నెట్టులోనే కొనాలి.

చట్టం ఏమంటుంది?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 2020 జులై నుంచి అమలులోకి వచ్చింది. బిల్లు వున్నవాడు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. అయిదు లక్షలలోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. 2019 జనవరి 1 నుంచి వీడియో గేమ్ యంత్రాల మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించారు. 2023 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రిఫర్బిషర్ కూడా ప్రభుత్వం దగ్గర నమోదు కావలసినవాడే. కాబట్టి 'మీకు నమోదు వుందా?' అని కొట్లో అడగటం మన హక్కు. ఒక యంత్రాన్ని మరో మూడేళ్ళు ఆడిస్తే, దానిలోని లోహాలు, ప్లాస్టిక్కు అన్నాళ్ళపాటు మన చెరువుల్లోకి, చేలల్లోకి పోకుండా వుంటాయి. ఇది కూడా లాభంలో కలుపుకోవలసిందే.

ముగింపు

నా పరిశీలనలో తేలింది మూడు మాటలు. సొంత డబ్బు వుండి అయిదేళ్ళు వాడేవారు కొత్తది కొనవచ్చు. అప్పు చేయవలసి వచ్చేవారు, రాతపూర్వకమైన గ్యారంటీ వుంటే బాగుచేసినది కొనాలి. బిల్లు లేనిదాన్ని ఎంత చౌక అయినా ఎవరూ కొనరాదు. మన కళాశాల మిత్రులలో చాలామంది ల్యాప్‌టాప్‌లు, సెల్‌ఫోన్లు ఇదే పద్ధతిలో కొంటున్నారు, రేపు మోటార్ సైకిళ్ళు కొంటారు. ధరచీటీ చూసిన తర్వాత ఒక కాగితం తీసి వడ్డీతో సహా ఏడాది ఖర్చు వేసుకొనే అలవాటు ఈ వయసులోనే చేసుకొంటే, మనకోసం ఇంటి దగ్గర చీటీలు కట్టేవాళ్ళ డబ్బుకు న్యాయం చేసినవాళ్ళమవుతాం.