పోప్ ఎవరో అడిగి చూడండి

ప్రశ్న: పొద్దున్నే కాఫీ తాగుతూ ప్రపంచ వార్తలన్నీ ఏఐ అసిస్టెంటునే అడుగుతున్నాను. పేపరు మాన్పించేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మాన్పించకండి, మీ ఆవిడ మాటే సరైంది. 2025 అక్టోబరులో బీబీసీ, యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఒక అధ్యయనం వెలువరించాయి. 18 దేశాల పాత్రికేయులు, 14 భాషల్లో, నాలుగు అసిస్టెంట్లు ఇచ్చిన 3,000 దాకా జవాబులను జల్లెడ పట్టారు. 45 శాతం జవాబుల్లో కనీసం ఒక పెద్ద లోపం తేలింది. పోప్ ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్ 21న కన్నుమూస్తే, ఆ తర్వాత కూడా ఆయనే పోప్ అని చెప్పిన జవాబు ఉంది!

ఎందుకంటే, అసిస్టెంటు వెనకున్న ఏఐ మోడల్ నేర్చుకున్న సమాచారం ఒక తేదీతో ఆగిపోతుంది. తర్వాతి సంగతులకు అది ఇంటర్నెట్‌లో వెతకాలి. వెతక్కుండా చెప్పినా దాని గొంతులో తడబాటు ఉండదు. అసలు చిక్కల్లా అదే. కాబట్టి "వెతికి, తేదీలు, లింకులతో చెప్పు" అనండి. లింకు తెరిచి, ఆ మాట అక్కడ నిజంగా ఉందో లేదో చూసుకోండి. ఆ అధ్యయనంలో 31 శాతం జవాబులు తేలిపోయింది మూలాల దగ్గరే.

పేపరు చదివాక వచ్చే సందేహాలకు మాత్రం ఏఐని నిక్షేపంగా వాడుకోండి. హర్ముజ్ జలసంధి ఎక్కడుంది, అక్కడ గొడవైతే మన పెట్రోలు ధరకేం సంబంధం లాంటివన్న మాట.