లిథువేనియా దేశపు బలశాలి

కోడి రామమూర్తి నాయుడుగారి పేరు వినని తెలుగు బాలుడు అరుదు. వీరఘట్టమున జన్మించిన ఆ మల్లుడు ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొనెననియు, మోటారుబండ్లను కదలకుండ పట్టి నిలిపెననియు పెద్దలు చెప్పగా వినియున్నాము. ఆయన సర్కసునందు తన బలమును ప్రదర్శించినవాడు. అట్టి బలశాలురు పలుదేశములనుండి వచ్చి ఒక్కచోట పోటీపడినచో వారిలో నెవడు మేటియగును? ఈ ప్రశ్నకు సమాధానముగా 1977లో అమెరికాయందు ఒక పోటీ ప్రారంభమాయెను. దానిలో నాలుగుమారులు గెలిచిన జిద్రూనాస్ సవిత్స్కాస్ చరిత్రమును ఈ వ్యాసమున దెలిసికొందము.

ముందుగా పోటీ స్వరూపము తెలియవలెను. కడపటి దశకు సాధారణముగా పదిమంది మిగులుదురు. వారికి అనేక పందెములు పెట్టుదురు. బరువైన దుంగను నేలనుండి ఱొమ్ముదాక తెచ్చి, అటుపిమ్మట తలపైకెత్తి నిలుపుట ఒకటి. లారీని త్రాటితో లాగుట ఒకటి. చేతికొక బరువు పట్టుకొని వడిగా నడచుట ఒకటి. గుండ్రని రాతిగుండ్లను దిమ్మెలపై కెక్కించుట మరియొకటి. ప్రతి పందెమునందును మొదటివానికి 10 మార్కులు, రెండవవానికి 9, ఇట్లు దిగి కడపటివానికి 1. అన్నియు కూడగా ఎక్కువ వచ్చినవాడే విజేత. కావున ఒక్క పందెములో మేటియైనంత మాత్రమున బిరుదు రాదు. ఒక్కదానిలో వెనుకబడినంత మాత్రమున అది పోదు.

సవిత్స్కాస్ 1975 జూలై 15వ తేదీన లిథువేనియాలోని బిర్జాయి పట్టణమున జన్మించెను. అప్పుడా దేశము సోవియట్ రాజ్యములో నొక భాగము. 1990లో అది తన స్వాతంత్ర్యమును ప్రకటించునప్పటికి ఆయన పదునాలుగేండ్ల బాలుడు. పెరిగి ఆరడుగుల మూడంగుళముల పొడవువాడై, బరువులెత్తుటలో పేరుపొందెను.

2001లో ఫారో దీవులయందు జరిగిన పోటీలో ఆయనకు గొప్ప ఆపద సంభవించెను. ఆనాటి పందెము మన గానుగను బోలినది. నడుమ ఇరుసు, దానికి దగిల్చిన పొడవైన దూలము, దూలముపై బరువులు. పోటీదారుడు దూలపు కొనను మోచేతుల వంపులలో నెత్తిపట్టి గానుగెద్దువలె చుట్టును తిరుగవలెను. అట్లు తిరుగుచుండగా సవిత్స్కాస్ కాలు జారి, రెండు మోకాళ్ల స్నాయువులును తెగిపోయెను. మోకాటిచిప్పను క్రింది యెముకతో బంధించు గట్టిపట్టియే ఈ స్నాయువు. అది తెగినచో కాలు చాచుటకే వీలుండదు. ఇట్టి దెబ్బ తగిలినవాడు చికిత్స పొంది, మరల నడక నేర్చుకొనవలసినదే. రెండు కాళ్లకును ఒక్కమారే తగిలినప్పుడు వాని గతి వేరుగ చెప్పనేల?

అయినను మరుసటి సంవత్సరమే ఆయన మలేషియాలో జరిగిన ప్రపంచపోటీలో నిలిచి రెండవ స్థానము పొందెను. 2003లో జాంబియాలోను రెండవ స్థానమే. ఈ రెండుమారులును గెలిచినవాడు పోలండు దేశీయుడైన మారియూష్ పుజానోవ్‌స్కీ. 2004లో బహామా దీవులయందు ఉక్రెయిను దేశీయుడైన వాసిల్ విరాస్త్యుక్ ప్రథముడాయెను. సవిత్స్కాస్ మరల రెండవవాడే. వరుసగా మూడేండ్లు!

ఈ కాలముననే అమెరికాలోని కొలంబస్ నగరమున, మిక్కిలి బరువులకు పేరుపొందిన ఆర్నాల్డ్ పోటీయందు 2003 మొదలు 2008 వరకు ఆరేండ్లు ఎడతెగక ఆయనయే ప్రథముడు. అనగా ఒకచోట రెండవవాడు మరియొకచోట మొదటివాడు. రెండవ స్థానము బలహీనతకు గుర్తు కాదనుట కింతకంటె నిదర్శనమేల?

బలక్రీడల నిర్వాహకులలో భేదములు పుట్టుటచే కొన్నియేండ్లు ఆయన ఆ ప్రపంచపోటీకి దూరముగా నుండెను. 2009లో మాల్టా ద్వీపమున మరల బరిలో దిగి, ముప్పదినాలుగవ యేట ప్రథముడాయెను. మునుపు తన్ను రెండుమారులు ఓడించిన పుజానోవ్‌స్కీయే ఆనాడు రెండవవాడు! 2010లో అమెరికా దేశీయుడు బ్రయన్ షాకును ఆయనకును మార్కులు సమానముగా రాగా, పందెములలోని స్థానములను పోల్చి సవిత్స్కాస్‌కే విజయము నిచ్చిరి. 2012లోను 2014లోను మరల గెలిచెను. 2015లో 228 కిలోల దుంగను తలపైకెత్తెను. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు మూడింటికంటె అది యెక్కువ. 2021లో బుర్కినాఫాసో దేశీయుడైన ఐరన్ బీబీ 229 కిలోలెత్తి ఆ ఘనతను దాటెను.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. ఆటలపోటీలు ముగిసిన మరునాడు మేము నల్లబల్లపై మొదటివారి పేళ్లు మాత్రమే వ్రాయుచుండెడివారము. పరుగుపందెమున రెండేండ్లు రెండవవాడైన బాలుడొకడు మూడవయేట పేరియ్యలేదు. ఏలనని యడుగగా, “నా పేరు బల్లమీదికి రాదు గదండీ” అనెను. మాకు మారుమాట తోచలేదు. నాటినుండి మూడు పేళ్లును వ్రాయుచున్నాము. కాని ఆ బాలుడు మరల పరుగెత్తలేదు. ఆ యేడే పాఠశాల విడిచిపోయెను.

బాలబాలికలారా, ఇది చదివి మీరు పెద్దబరువులు ఎత్తబోవలదు. ఎముకలు ముదురని ప్రాయమున వ్యాయామోపాధ్యాయుని యెదుటనే, ఆయన చెప్పినంతవరకే చేయదగును. సవిత్స్కాస్‌వలన నేర్వదగినది మరల వచ్చుట. తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండవవాడై యింటికి వచ్చిననాడు మొదటివాడెవడని యడుగకుడు. “వచ్చేయేడు పేరిత్తువా?” అని యడుగుడు.