మొద్దు ఎవరు?

మా తమ్ముడు ఎద్దు నడక చూసి ఏ కాలు నొప్పో చెప్పగలడు. ధాన్యం బస్తాల లెక్క నోటితోనే తేలుస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం "వల"ను "పల" అనీ, "మేక"ను "యేక" అనీ చదివేవాడు. అయిదో తరగతిలో పంతులుగారు ఒక్కో మాట నూరుసార్లు రాయించారు. మార్పు రాలేదు గాని "మొద్దు" అనే పేరు స్థిరపడిపోయింది. "చదువెందుకు వీడికి, గేదెల్ని కాస్తాడులే" అన్నాడు నాన్న. అప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ చిక్కుని శాస్త్రజ్ఞులు డిస్లెక్సియా అంటారు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు ఒక పధ్నాలుగేళ్ళ కుర్రవాడి సంగతి ప్రకటించాడు. ఆ అబ్బాయి చురుకైనవాడు, లెక్కలు బాగా చేసేవాడు, చూపులో దోషం లేదు. చదవడం ఒక్కటే రాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచే పని మెదడుకి కష్టం కావడమే ఇందుకు ముఖ్య కారణమని ఇప్పుడు తెలిసింది. ఇది బద్ధకమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు.

అమెరికన్ నవలాకారుడు జాన్ ఇర్వింగ్ 1942లో పుట్టాడు. బడిలో ఇంగ్లీషులో అత్తెసరు మార్కులే. నాలుగేళ్ళ చదువుకి అయిదేళ్ళు పట్టింది. తాను మందబుద్ధిననే అనుకున్నాడు. చాలా ఏళ్ళకి తన కొడుకుని పరీక్షించి డిస్లెక్సియా అన్నప్పుడుగాని తన లోపమేమిటో ఆయనకి తెలియలేదు. వేలు పెట్టుకుని మెల్లగా చదివినవాడు, రాసింది మళ్ళీ మళ్ళీ తిరగరాయడానికి విసుగుపడలేదు. 1978లో వచ్చిన నవలతో ప్రసిద్ధుడయ్యాడు. 2000లో తన నవలకే రాసిన స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ అందుకున్నాడు. లోపం పోలేదు, దానితోనే పనిచేయడం నేర్చుకున్నాడు.

అందరూ ఇర్వింగ్‌లు కావాలని కాదు. పిల్లవాడికి తగిన పద్ధతిలో చెప్పాలి. సెలవుల్లో తమ్ముడి చేత ఇసుకలో ఒక్కొక్క అక్షరమే దిద్దించాను, దిద్దుతూనే పైకి పలికించాను. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ చిక్కుని కూడా గుర్తించింది. పరీక్షల్లో అదనపు సమయం వంటివి అడగవచ్చునని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

మొన్న దసరాకి ఇంటికెళితే, గేదె ఈనిన సంగతి నాలుగు వాక్యాల్లో రాసి చూపించాడు. తప్పులున్నాయి. వాటిని దిద్దకుండా ముందు కథ చదివాను. నాన్న కూడా చదివించుకుని విన్నాడు.

మనలో కొందరు రేపు పంతుళ్ళవుతారు, చాలామంది తలిదండ్రులవుతారు. ఒక పిల్లవాణ్ణి మొద్దు అనేముందు, వాడికి చెప్పడం మనకి వచ్చునా అని ఆలోచిద్దాం.