ఉత్తేజక మాదకద్రవ్యములు – యువజనుల ప్రాణరక్షణ

కాలువ గట్టునకు బుంగ పడినపుడే కనిపెట్టిన లస్కరు ఊరి పొలములను కాపాడును. గండి పడిన పిదప ఊరంతయు కదలినను నష్టము తప్పదు. గోదావరి డెల్టా రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మాదకద్రవ్యములకు లోనైన యువజనుల విషయమునను ఇదే న్యాయము వర్తించును. వారిలో కొందరు ఆత్మహత్యకు తలపడుచున్నారు. ఈ ఆపదను ముందుగా గుర్తించుటకు పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్యాంశములు ఈ పాఠమున వివరింపబడినవి.

ఉత్తేజకములనగా నేమి?

గంజాయి, సారా, నల్లమందుల గుణములు వేరు. ఉత్తేజకముల గుణములు వేరు. ఆంఫెటమిన్, మెథాంఫెటమిన్, ఎం.డి.ఎం.ఏ., మెఫెడ్రోన్, కొకైన్ అనునవి ఉత్తేజకములు. ఇవి నిద్రను, ఆకలిని, అలసటను అణచి, లేని బలము ఉన్నట్లు భ్రమ కలిగించును. మెథాంఫెటమిన్‌ను 1893లో జపాను రసాయన శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషి తయారుచేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనికులకు నిద్ర రాకుండుటకై దీనిని ఇచ్చిరి. యుద్ధానంతరము ఇది జపాను యువజనులలో వ్యాపింపగా, 1951లో అచటి ప్రభుత్వము ప్రత్యేక శాసనము చేయవలసి వచ్చెను.

2019లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన ప్రకారము మన దేశమున 10 మొదలు 75 ఏండ్ల వయస్సు గలవారిలో ఆంఫెటమిన్ జాతి ద్రవ్యములు వాడువారు నూటికి 0.18 వంతు. సంఖ్య స్వల్పమని ఉపేక్షింపరాదు. చదువునకు, ఉద్యోగమునకు హైదరాబాదు, బెంగుళూరు నగరములకు పోవు పిల్లలు మన గ్రామములందు అనేకులు కలరు.

ప్రాణాపాయ మెట్లు కలుగును?

మెదడులో ఉల్లాసమును కలిగించు డోపమిన్ మొదలగు రసములను ఉత్తేజకములు ఒక్కసారిగా పొంగించును. మందు ప్రభావము తగ్గగానే ఆ పొంగు చల్లారి, మనస్సు పూర్వస్థితికంటెను క్రుంగిపోవును. నిస్సత్తువ, నిరాశ, జీవితముపై విరక్తి కలుగును. ఆత్మహత్య తలంపులు ఈ దినములందే ప్రబలుట కద్దు. అధికముగా వాడువారికి ఇతరులు తమను వెంటాడుచున్నారను అనుమానము, లేని మాటలు వినబడుట మొదలగు లక్షణములు కలుగును. దీనికి మద్యపానము, అప్పులు, అవమానభయము తోడైనచో అపాయము హెచ్చును. కొందరు ముందే మనోవ్యాధితో బాధపడుచు, ఉపశమనము కొరకు ఈ మందును ఆశ్రయింతురు. కావున దీనిని కేవలము దుర్నడతగా భావింపరాదు.

గుర్తులు

రెండు మూడు దినములు నిద్రలేకుండుట, పిదప పగలనక రాత్రియనక నిద్రించుట; బరువు తగ్గుట; కారణము లేని అనుమానము; స్నేహితులను విడనాడుట; ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట; "నేను లేకున్న మీకు మేలు" అను మాటలు.

చేయవలసిన పనులు

1. అట్టి యువకుని ఒంటరిగా కలిసికొని, "చనిపోవాలని అనిపిస్తోందా, బాబూ?" అని నెమ్మదిగా అడుగవలెను. అడిగినందున ఆ తలంపు పుట్టదు. చెప్పుకొనువాడు దొరికెనని మనస్సు తేలికపడును.

2. ఔనన్నచో ఒంటరిగా విడువరాదు. మందలింపు, రచ్చబండ విచారణ పనికిరావు.

3. పురుగుమందులు తాళము వేసిన పెట్టెలో ఉంచునట్లు ఇంటివారికి చెప్పవలెను. ఆత్మహత్య ఉద్రేకము తరచు కొలది కాలములోనే తగ్గును. ఆ వేళ విషము చేతికందకున్న ప్రాణము దక్కును. శ్రీలంకలో అతివిషకరములైన పురుగుమందులను నిషేధించిన ఫలితముగా, 1995 తరువాత ఆత్మహత్యల రేటు సగమునకు మించి తగ్గెను.

4. టెలిమానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనను తెలుగులో మాట్లాడవచ్చును. వ్యసన విముక్తి సలహాకు 14446. తీవ్రజ్వరము, ఛాతీనొప్పి, మూర్ఛ కలిగినచో తక్షణమే 108ని పిలువవలెను.

5. కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. రోగిని పంపుటయేగాక, ఎవరైన వెంట వెళ్ళవలెను. ఇంటికి వచ్చిన పిదప మొదటి వారములు క్లిష్టమైనవి. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. తరచు పలుకరించునట్లు చూడవలెను.

చట్టము

పోలీసు భయముచే పెక్కు కుటుంబములు వైద్యుని చెంతకు పోవుటలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 115వ విభాగము ప్రకారము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడుగా భావింపబడును. అతనికి చికిత్స కల్పించుట ప్రభుత్వ విధి. 1985 మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ విభాగము ప్రకారము, వాడకపు నేరమునకు గాని, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరమునకు గాని గురియైన వ్యసనపరుడు, స్వచ్ఛందముగా ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స పొందినచో శిక్షనుండి మినహాయింపు లభించును. చికిత్స పూర్తిచేయనిచో ఈ మినహాయింపు రద్దు కావచ్చును. విక్రయించువారికి ఇది వర్తించదు.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చించి, పై సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుట మంచిది. గ్రామమున ఒక యువకుని ప్రాణము దక్కినను ఆ శ్రమ సార్థకమగును.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున పురుగుమందులు ఎచట, ఎట్లు నిలువచేయబడుచున్నవి?

2. అర్ధరాత్రి ఆపద కలిగినచో యువకుని ఆసుపత్రికి తోడ్కొనిపోవు బాధ్యత ఎవరిది?

3. కుటుంబ గౌరవమునకు భంగము రాకుండ సహాయము చేయుట ఎట్లు?