ప్లేస్‌మెంట్ ఇయర్ ఉంది సరే, కంపెనీ ఏది?

ఏటా సెప్టెంబర్, జనవరి నెలల్లో శంషాబాద్ నుంచి బ్రిటన్‌కు బయల్దేరే మన విద్యార్థుల్లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఆఫర్ లెటర్‌తో వెళ్లేవాళ్లు చాలామందే ఉంటున్నారు. మొదట చదువు, ఆ తర్వాత తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా కంపెనీలో పని. కోర్సు పేరు చివర ‘విత్ ప్లేస్‌మెంట్ ఇయర్’ అనో, ‘విత్ అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్’ అనో ఉంటుంది. అది చూసి ఇంట్లోవాళ్లకు సగం ఉద్యోగం వచ్చేసినట్టే అనిపిస్తుంది. మన ఇంజినీరింగ్ కాలేజీలకు కంపెనీలే వచ్చి పిల్లల్ని ఎంచుకుని వెళ్లడం చూసినవాళ్లం కాబట్టి అక్కడా అంతేననుకుంటాం. అక్కడ అలా ఉండదు. యూనివర్సిటీ కోర్సులో చోటు మాత్రమే ఇస్తుంది, కంపెనీని మనమే వెతుక్కోవాలి. దొరకకపోతే కొన్నిచోట్ల క్యాంపస్‌లోనే ఒక ప్రాజెక్టు చేయిస్తారు, కొన్నిచోట్ల ఏడాది కోర్సులోకి మార్చేస్తారు. అలా మార్చిన సంగతి హోం ఆఫీసుకు చేరుతుంది, వీసా గడువు తగ్గుతుంది.

నేను ఆ దారిలోనే వెళ్లి ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలోని ఒక ఆహార ఉత్పత్తుల కంపెనీలో ఏడాది పనిచేశాను. నా చదువు మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఆ ఏడాదే. అందుకే దానికోసం వెళ్లేవాళ్లు కళ్లు తెరుచుకుని వెళ్లాలని కోరుకుంటున్నాను.

ఈ పద్ధతి అక్కడ కొత్తదేమీ కాదు. చదువుకూ చదువుకూ మధ్యలో పని ఉంటుంది కాబట్టి దీన్ని ‘శాండ్‌విచ్ కోర్సు’ అంటారు. సండర్లాండ్ టెక్నికల్ కాలేజీలో ఇంజినీరింగ్ విద్యార్థులకు 1903లోనే ఇది మొదలైంది. ఇప్పుడు బాత్, లాఫ్‌బరో, ఆస్టన్, సర్రే, బ్రూనెల్ లాంటి యూనివర్సిటీలకు దీనివల్లే మంచి పేరుంది. అయితే ఇది ప్రధానంగా డిగ్రీ పిల్లల కోసం పుట్టిన ఏర్పాటు. వాళ్లు రెండో ఏడాది తర్వాత కంపెనీకి వెళ్లి, తిరిగొచ్చి ఆఖరి ఏడాది చదువుతారు. పెద్ద కంపెనీల ప్రకటనలు చాలావరకు వాళ్లను దృష్టిలో పెట్టుకునే రాస్తారు. మాస్టర్స్ విద్యార్థులు ఆ సీట్లకే పోటీపడాలి. ప్రకటనలో డిగ్రీ విద్యార్థులు మాత్రమే అని ఉంటే సమయం వృథా చేసుకోవద్దు. అలా లేకపోతే ధైర్యంగా దరఖాస్తు చేయండి, అనుమానముంటే రిక్రూట్‌మెంట్ టీమ్‌కు ఒక మెయిల్ రాసి అడగండి.

కంపెనీ కోసం వేట, విమానం దిగిన వారంలోనే మొదలవ్వాలి. మరుసటి ఏడాది జూన్ నుంచి సెప్టెంబర్ లోపు మొదలయ్యే పోస్టులకు పెద్ద కంపెనీలు ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్యే దరఖాస్తులు తెరుస్తాయి. చాలా కంపెనీలు ఆఖరి తేదీ దాకా ఆగవు, మంచివాళ్లు దొరకగానే సీట్లు నింపుకుంటూ పోతాయి. ముందు గది దొరకాలి, పార్ట్‌టైమ్ కుదరాలి, మొదటి సెమిస్టర్ పరీక్షలవ్వాలి, ఆ తర్వాత చూద్దాం అనుకుంటే ఫిబ్రవరి వచ్చేస్తుంది. అప్పటికి మిగిలేవి చిన్న సంస్థలు. వాటిలోనూ మంచి పని దొరుకుతుంది కానీ, అవి ప్రకటనలివ్వడం తక్కువ, మనమే వెళ్లి అడగాలి.

రెజ్యూమె కూడా మార్చాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, పెళ్లయిందో లేదో, చివర డిక్లరేషన్... ఇవేవీ అక్కడ పెట్టరు. రెండు పేజీలు దాటనివ్వరు. ‘టీమ్‌వర్క్ ఉంది’ అని రాస్తే ఎవరూ నమ్మరు, ఎక్కడ ఏం చేశామో, దానివల్ల ఏం మారిందో రాయాలి. యూనివర్సిటీ కెరీర్స్ ఆఫీసులో రెజ్యూమె దిద్దుతారు, మాక్ ఇంటర్వ్యూలు చేస్తారు, అన్నీ ఉచితం. మనవాళ్లు ఆ గుమ్మం తొక్కేది తక్కువ. బాధ కలిగించే విషయమిది.

దరఖాస్తు ఫారంలో చాలామందిని ఆపేసే ప్రశ్న ఒకటుంది: ‘మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా?’ కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్‌కు కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు, స్టూడెంట్ వీసాయే సరిపోతుంది. చదువుకునే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలన్న పరిమితి దీనికి వర్తించదు. కాకపోతే ఆ పనికి కోర్సులో మార్కులుండాలి, మొత్తం కోర్సు వ్యవధిలో అది సగానికి మించకూడదు. ఈ సంగతి తెలియని హెచ్‌ఆర్ వాళ్లు చాలామందే ఉన్నారు. యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి ఒక లేఖ తీసుకుని దగ్గర పెట్టుకుంటే మీ మాటకు బలముంటుంది.

ఆన్‌లైన్ పరీక్షలు, ఎదుట మనిషి లేకుండా కెమెరాకు జవాబులు చెప్పే వీడియో ఇంటర్వ్యూ దాటాక అసెస్‌మెంట్ సెంటర్ ఉంటుంది. ఆరేడుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి కాగితం ఇస్తారు. ఫ్యాక్టరీలో మూడు సమస్యలున్నాయి, డబ్బు ఒక్కదానికే సరిపోతుంది, దేనికి ఖర్చుపెట్టాలో అరగంటలో తేల్చాలి. గోడవార కూర్చున్నవాళ్లు రాసుకుంటూ ఉంటారు. మనవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా దెబ్బతింటారు. గ్రూప్ డిస్కషన్ అంటే గట్టిగా, ఎక్కువగా మాట్లాడటమేనని నేర్చుకున్నవాళ్లు ఒక రకం. అక్కడి యాస అందక నోరు తెరవనివాళ్లు మరో రకం. పరిశీలకులు చూసేది వేరు. పక్కవాళ్లు చెప్పిన మాటను అందుకుని ముందుకు తీసుకెళ్లామా, టైం గమనించామా, మాట్లాడనివాళ్లను అడిగామా అని చూస్తారు. మా బల్ల దగ్గర ఒకమ్మాయి మొత్తమ్మీద మాట్లాడింది తక్కువే. ‘ఇంకా పది నిమిషాలే ఉంది, ఈ రెండిట్లో దేన్ని వదిలేద్దామో తేల్చుకుందాం’ అని ఆమె అన్నాకే చర్చ దారిలో పడింది. ఎంపికైనవాళ్లలో ఆమె ఉంది.

ఇక పని. నాకు అప్పగించింది డిమాండ్ ప్లానింగ్. రాబోయే వారాల్లో సూపర్‌మార్కెట్లు మా సరుకు ఎన్ని కేసులు అడుగుతాయో అంచనా వేసి ఫ్యాక్టరీకి చెప్పాలి. అంచనా ఎక్కువైతే సరుకు పేరుకుపోతుంది, తక్కువైతే షాపుల్లో అరలు ఖాళీ. నా వంతుకు సాస్‌లు వచ్చాయి. ఎక్సెల్, పైథాన్ నేర్చుకుని వెళ్లిన నాకు అది లెక్కల పనిగానే తోచింది. కానీ అంకె సాఫ్ట్‌వేరే ఇస్తుంది. ఆ అంకెను ఏ వారం నమ్మకూడదో చెప్పడం ప్లానర్ పని. మే నెలలో అక్కడ రెండు బ్యాంక్ హాలిడేలుంటాయి, రెండూ సోమవారాలే. ఆ వారాంతాల్లో ఎండ కాస్తే జనం పెరట్లో బార్బెక్యూ పెట్టుకుంటారు, కెచప్, బార్బెక్యూ సాస్ ఇట్టే అమ్ముడుపోతాయి. వాన పడితే ఏమీ ఉండదు. పాత అమ్మకాల పట్టిక పక్కన ఆనాటి వాతావరణాన్ని కూడా పెట్టి చూస్తేగాని ఆ ఎత్తుపల్లాలకు కారణం దొరకదు. సోమవారం మీటింగ్‌లో సేల్స్ వాళ్లు, ఫ్యాక్టరీ వాళ్లు కూర్చున్నప్పుడు అంకె ఎంతని ఎవరూ అడగరు, అది స్క్రీన్ మీదే ఉంటుంది. ‘ఎందుకు?’ అని అడుగుతారు. దానికి రెండు వాక్యాల్లో జవాబు చెప్పడం నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

మొదటి నెలలోనే మేనేజర్ నన్ను వేర్‌హౌస్‌కు పంపారు. మా ఫైల్లో అంచనాకూ ఆర్డర్‌కూ మధ్య శాతంగా కనిపించే తేడా అక్కడ సగం ఖాళీగా బయల్దేరుతున్న లారీ. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన నన్ను చూసి, ‘ఈ సూపర్‌మార్కెట్ వాళ్లు గురువారం డెలివరీని శుక్రవారానికి మార్చుకున్నారని మీకు ఎవరూ చెప్పలేదా?’ అన్నాడు. వేర్‌హౌస్‌లో అందరికీ తెలిసిన ఆ సంగతి మా ఆఫీసు పట్టికలోకి రాలేదు. ఆ ఒక్క మార్పుతో కొన్ని వారాలుగా తేలని తేడాకు కారణం దొరికింది. మీరు ఏ శాఖలో చేరినా సరే, మీరు తయారుచేసే కాగితం చివరికి ఎవరి చేతికి వెళ్తుందో ఆ మనిషిని ఒకసారి కలవండి.

ఆఫీసు మర్యాదలు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. డైరెక్టర్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు, ‘సర్’ అంటే ఇబ్బందిగా చూస్తారు. అంతకన్నా కష్టమైనది, అర్థం కాకపోయినా తలూపే మన అలవాటు మానుకోవడం. మౌనంగా ఉంటే మన దగ్గర వినయం అనుకుంటారు, అక్కడ ఈ మనిషికి చెప్పడానికి ఏమీ లేదనుకుంటారు. చాలాచోట్ల మేనేజర్‌తో వారం వారం విడిగా మాట్లాడే సమయం ఉంటుంది. పనిలో ఎక్కడ ఇరుక్కున్నారో ఆ సమయంలో ముందుగా చెప్పండి. గడువు రోజున చెబితే ఎవరూ సాయపడలేరు.

డబ్బు సంగతి. కోర్సులో భాగంగా ఏడాదికి మించకుండా చేసే ప్లేస్‌మెంట్‌కు అక్కడి కనీస వేతన చట్టం వర్తించదు. పెద్ద కంపెనీలు మంచి జీతమే ఇస్తాయి, కానీ ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏడాదికి 12,570 పౌండ్లు దాటిన ఆదాయం మీద పన్ను పడుతుంది. ప్లేస్‌మెంట్ ఏడాదికి యూనివర్సిటీ వేసే ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అదీ అడిగి తెలుసుకోండి. డబ్బు కడితే ప్లేస్‌మెంట్ ఇప్పిస్తామనీ, లేని కంపెనీ పేరుతో లెటర్ ఇస్తామనీ వాట్సాప్‌లో తిరిగేవాళ్ల జోలికి పోవద్దు. పట్టుబడితే పోయేది డిగ్రీ, వీసా రెండూ.

ఆ తర్వాత? చదువయ్యాక ఉండటానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. స్కిల్డ్ వర్కర్ వీసాకు జీతం సాధారణంగా 41,700 పౌండ్లు ఉండాలని 2025 జులైలో నిబంధన పెట్టారు, కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. ఆ వీసాకు కంపెనీయే స్పాన్సర్ చేయాలి. అందుకే ప్లేస్‌మెంట్‌కు దరఖాస్తు చేసేటప్పుడే ఆ కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ ఉందో లేదో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. లేకపోయినా పని మంచిదైతే చేరవచ్చు, ఆ సంగతి తెలిసి చేరితే చాలు. పెద్ద పేరున్న కంపెనీలో ఏడాదంతా పట్టికలు కాపీ చేయడంకన్నా, పేరు వినని చోట ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా సొంతంగా నడపడం మేలు. తర్వాతి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మిగిలేది ఆ పనే.

ఫీజు కట్టేముందు యూనివర్సిటీకి ఒక మెయిల్ రాయండి. కిందటేడాది ఇదే కోర్సులో చేరిన విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి కంపెనీలో ప్లేస్‌మెంట్ దొరికింది, ఎంతమంది క్యాంపస్ ప్రాజెక్టుతో సరిపెట్టుకున్నారు అని సూటిగా అడగండి. జవాబులో అంకె లేకపోతే ఆ రెండేళ్ల కోర్సు వద్దు, ఏడాది కోర్సే తీసుకోండి.